స్రవంతి లాప్‌టాప్‌లో కోడిపందెం

నడిచింది! మా అమ్మాయి స్రవంతి మొదటి జీతంతో కొన్న చవక లాప్‌టాప్‌లో హెచ్‌డీ వీడియో ఎక్కడా ఆగకుండా నీళ్లలా సాగింది!

“గంత పెద్ద వీడియోను ఈ అగ్గువ డబ్బా మోస్తదా ఏంది బామ్మర్దీ?” అని మా బావ భూషణం వారం నుంచి ఒకటే ఎకసెక్కం. అమ్మాయి చిన్నబోయింది. అందుకే ఇవాళ అతణ్ణి పిలిచి, మొన్న ఉసూర్ సంతలో పెద్ద కెమెరాతో తీసిన మా ఇద్దరి కోడిపందెమే పెట్టించాను.

ఏం బొమ్మ! ఈక ఈకా కనిపిస్తోంది. ఆ రోజు దుమ్ములో ఎవరికీ ఏమీ కనబడలేదు. ముందు పారిపోయింది బావ ఎర్ర పుంజేనని పెద్దమనుషులు తేల్చారు. ఓడిన పుంజు గెలిచినవాడిదే కదా, ఇంటికి తెచ్చి కూర వండించి బంధువులందరికీ పెట్టాను.

తెర మీద దుమ్ములోంచి ముందు పారిపోయింది నా నల్ల పుంజు.

బావ నా వైపు తిరిగాడు. నా భుజం తట్టాడు. “ఈ డబ్బా తప్పు చూపెడుతున్నదని ఒక్క మాట అను బామ్మర్దీ, ఇడిసిపెడతా.”

స్రవంతి నా మొహంలోకి చూసింది.

“లాప్‌టాప్ మంచిదే బావా. నా పుంజే పారిపోయింది,” అన్నాను.

ఇక ఈ కబురు అందరికీ చెప్పాలి. తర్రెంలో ఉన్న చెల్లెలికి, చర్ల మేనల్లుడికి, దంతెవాడ తమ్ముడికి, మా వియ్యపురాలికి. అందరూ ఆ కూర తిన్నవాళ్లే. అందరికన్నా ముందు భూషణం భార్యకు, అంటే మా అక్కకు చెప్పాలి. ఆ ఎర్ర పుంజును పెంచింది తనే. ఆ పూట మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుని, మంచినీళ్లే తాగి లేచింది.