పన్నెండో గూడు

సుభద్రమ్మ పదకొండు గూళ్లను కాదంది. గుడ్లు పెట్టడానికి ఇక నాలుగు రోజులే ఉన్నాయి.

గిజిగాళ్లలో మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట చూసి సరేనంటేనే మగపిట్ట మిగతాది అల్లుతుంది.

“ఇది గూడా, టోపీయా? అడుగేదీ?” అంది సుభద్రమ్మ, పన్నెండో గూటిలో తల పెట్టి.

“మీరు సరేనంటే అల్లుతానండీ,” అన్నాడు ఆ గూడు అల్లిన గవర్రాజు.

“లేని అడుగును ఎలా మెచ్చుకోను?”

పక్క కొమ్మ మీది ఉడుత నవ్వింది. “చిన్నప్పుడు ఎండుటాకు కదిలితే పామని చెట్టంతా లేపేదానివి కదా వదినా. అప్పుడు లేనివన్నీ కనబడేవి.”

“అప్పుడు పనేం ఉంది నాకు?”

“ఇప్పుడు ఇదే పననుకో. కళ్లు మూసుకుని కాసేపు కూర్చో.”

కూర్చుంది. చాలాసేపు చీకటే. తర్వాత ఆ చీకట్లోనే వాన మొదలైంది. గూడు ఊగింది. మూడు పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి.

“ఆ చిన్నాడు పడిపోయేలా ఉన్నాడు,” అంది కళ్లు తెరవకుండానే. “అడుగు ఇంకాస్త లోతుగా అల్లు.”

“అంటే సరేనన్నట్టేనాండీ?”

“ముందు అల్లవయ్యా, వాడు పడేలోపు.”

రోజూ మేతకు ఎగిరేముందు లేనిదాన్ని ఒకదాన్ని చూసి తీరాలని ఆ రోజే నిర్ణయించుకుంది. పిల్లలు ఎగిరిపోయాక కూడా మానలేదు.