మూడు చెరువుల కొంగలు

ఆ అడవిలో మూడు చెరువులు. ముందు తెల్లవారేది తూర్పు చెరువుకే కాబట్టి, మిగతా చెరువుల కొంగలు పొద్దున్నే దానివైపు చూసేవి.

ఒకరోజు తూర్పు కొంగలు ఒక్కసారిగా పైకి లేచాయి. వాటిని చూసి నడిమి చెరువువి, వాటిని చూసి పడమటివి లేచాయి.

"పెద్దమ్మా, పద! అక్కడేదో ముంచుకొచ్చిందట!" అంది పడమటి చెరువులో ఓ పడుచు కొంగ.

"ఏదో అంటే ఏంటే? గూట్లో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. చూసొస్తా," అని పెద్దమ్మ తూర్పుకే ఎగిరింది.

అక్కడ ఓ గేదె నీళ్లలోకి దిగింది, అంతే. దాని కాళ్ల తొక్కుడికి చేపలు పైకి తేలుతున్నాయి. పెద్దమ్మ తాపీగా పట్టుకోసాగింది.

అది చూసి తూర్పువి దిగాయి, వాటిని చూసి నడిమివి, ఆపైన పడమటివి. పడుచు కొంగ మాత్రం పెద్దమ్మ దగ్గరికొచ్చి, "ఇంతకీ ఏమైంది?" అనడిగింది.

"గేదె స్నానానికొచ్చిందే! దిగాకైనా అడిగావు, రేపు ఎగిరే ముందు అడుగుతావులే. ఇంద, చేప తిను."