సందేహాల పెద్దమ్మ

ఉత్తరం వెళ్లింది అరవై రెండు మందికి. తెరిచి చూసింది ముగ్గురు.

ఆ ముగ్గురిలో ఒకరు బ్యూటీ పార్లర్ యజమానురాలే. ఎలా కనిపిస్తుందో చూద్దామని తనకు తానే పంపుకుంది. రెండో మనిషి ఆమె చెల్లెలు. ప్రతి వారం కస్టమర్లకు ఈమెయిల్‌లో ఉత్తరం రాయమని సలహా ఇచ్చిందే తను కాబట్టి తెరవక తప్పలేదు.

మూడో మనిషి ఎవరా అని చూస్తే, సందేహాల పెద్దమ్మ.

యజమానురాలు ఉసూరుమంది.

రోడ్డుకు అవతల అద్దాల సెలూన్ తెరిచి ఆరు నెలలైంది. పదేళ్లుగా ఆమె చేత కనుబొమ్మలు దిద్దించుకున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే రోడ్డు దాటేశారు. ఏడాది తిరిగేలోపు కుర్చీలు నిండకపోతే, షట్టర్ దించేసి ఆ అద్దాల సెలూన్‌లోనే పనికి చేరాలి. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ముద్ద దిగడం లేదు.

"ఇంతకీ ఏం రాశావక్కా?" ఫోన్‌లో అడిగింది చెల్లెలు.

"ఇరవై శాతం తగ్గింపని రాశాను. చుట్టూ పువ్వులు కూడా పెట్టాను."

"తగ్గింపు ఎదుటివాళ్లూ ఇస్తారు. నీకు తెలిసింది రాయి."

"నాకేం తెలుసే, దారం పట్టుకోవడం తప్ప."

పెద్దమ్మ రెండు వారాలకోసారి వచ్చేది. ఆవిడ కనుబొమ్మల్లో తీయడానికి పట్టుమని పది వెంట్రుకలు ఉండవు, అడగడానికి మాత్రం బండెడు సందేహాలు. మెడకు కట్టిన గుడ్డ కింద చేతులు దాచుకుని, బళ్లో కొత్తగా చేరిన పిల్లలా అడిగేది. ఈమెయిల్ అడ్రసు రాయమని పుస్తకం అందిస్తే, "నేను చెబుతాను, నువ్వే రాసుకో తల్లీ" అంది. పెన్ను పట్టడానికి కూడా ఇంత బద్ధకమా అనుకుంది యజమానురాలు.

ఆ వారం అడిగింది, కనుబొమ్మలు దిద్దాక మంట పుడితే ఏం చెయ్యాలని.

పళ్ల మధ్య దారం వదలకుండానే జవాబు చెప్పింది యజమానురాలు. ఐసుముక్కను గుడ్డలో చుట్టి అద్దుకోవాలి, ఆ రోజుకి క్రీములు పూయకూడదు.

"మరి ఇదే రాయొచ్చుగా ఆ ఉత్తరంలో? నాలాంటి తెలియనివాళ్లు ఎంతమంది ఉంటారో."

విసుక్కుంటూనే రాసింది. పదకొండు మంది తెరిచారు.

తర్వాత వచ్చినప్పుడు, కాన్పయ్యాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుందెందుకని అడిగింది. ఆపైన, జుట్టుకు రంగు వేసే ముందు చెవి వెనక రాసి చూడటమెందుకని. ఈ వయసులో ఆవిడకు కాన్పు గొడవెందుకో అర్థం కాక యజమానురాలు నవ్వుకుంది. అయినా అడిగినవన్నీ రాసింది. రోడ్డు దాటిన వాళ్లలో ఒకరిద్దరు మొహమాటపడుతూ వెనక్కి వచ్చారు.

ఒక రోజు పెద్దమ్మ మెల్లిగా అడిగింది.

"తెల్లబడాలని వచ్చిన పిల్లకి ఏం చెబుతావు తల్లీ?"

దారం ఆగిపోయింది.

బ్లీచ్ వేస్తామని చెప్పడం అందరూ చేసేదే. కానీ తీరా రాయబోతే, చిన్నప్పుడు తనను వెనక వరసలో నిలబెట్టి తీసిన ఫొటోలన్నీ కళ్లముందు తిరిగాయి. మూడు రోజులు చెరిపి, రాసి, చివరికి ఇలా పంపింది: "నీ రంగు మురికి కాదమ్మా, వదిలించడానికి. నీ మొహం తేటగా, హాయిగా ఉండేట్టు చూస్తాను. రంగు జోలికి మాత్రం పోను. ముందు కుర్చీ కిటికీ వైపు తిప్పి, ఆ వెలుగులో నిన్ను నువ్వు ఒకసారి చూసుకో."

ఆ ఉత్తరాన్ని తల్లులు కూతుళ్లకు పంపారు. కూతుళ్లు స్నేహితురాళ్లకు పంపారు. శనివారం నాటికి పార్లర్‌లో నిలబడటానికి కూడా చోటు లేదు.

ఆ హడావుడిలోనే పెద్దమ్మ గుమ్మంలో కనిపించింది. ఉత్తరం గురించి ఒక్క మాట చెప్పి వెళతానంది.

"పెద్దమ్మా, ఇవాళ మీ సందేహాలకి టైం లేదు. ఏదున్నా మెయిల్‌లో పంపండి" అనేసింది యజమానురాలు, తల కూడా ఎత్తకుండా.

పెద్దమ్మ నొచ్చుకోలేదు. నిండిన కుర్చీలను ఒక్కసారి కలయజూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

రెండు వారాలు గడిచాయి, నాలుగు గడిచాయి. కుర్చీలు నిండుగానే ఉన్నాయి గానీ, ఉత్తరం రాద్దామని కూర్చుంటే అడిగేవాళ్లు లేక ఆమెకు చెయ్యి ఆడటం లేదు. అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా మనసు పీకేది. చివరికి ఒక వారం ఉత్తరంలో సలహాలేమీ పెట్టలేదు. తప్పయింది పెద్దమ్మా, కిటికీ పక్క కుర్చీ మీకోసం ఖాళీగా ఉంచాను, రండి అని మాత్రం రాసింది.

మూడో రోజు ఒక నడివయసు స్త్రీ వచ్చింది. పెద్దమ్మ కోడలినని చెప్పుకుంది. అత్తగారు పోయి ఇరవై రోజులైందట. ఉత్తరాలన్నీ ఆవిడకు తనే చదివి వినిపించేదట.

"ఇది మీకే ఇమ్మంది" అంటూ అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. "చేతులు వణికేవి కదా, చివరి మాట రాయడానికి పూట పట్టింది."

యజమానురాలు పుస్తకం తెరిచింది.

మొదటి పేజీలో ఎప్పుడో మూతపడిన ఒక బ్యూటీ పార్లర్ ముద్ర ఉంది. దాని కింద నలభై ఏళ్ల కిందటి తేదీ. లోపల మంట, కాన్పు తర్వాత జుట్టు, చెవి వెనక రంగు... పెద్దమ్మ అడిగిన ప్రతి ప్రశ్నా ఉంది. దాని పక్కనే, గుండ్రటి అక్షరాల్లో జవాబూ ఉంది.

ఒక్క జవాబు మాత్రం, 'బ్లీచ్ వెయ్యాలి' అన్నది, కొట్టేసి ఉంది, దాని కింద వంకరపోయిన అక్షరాల్లో ఇలా రాసి ఉంది: "ముప్పై ఏళ్లు నేను తప్పు చెప్పాను, ఈ పిల్ల చెప్పిందే సరైనది."