గురువారం సంతకం

"పెట్టను," అన్నాడు ఎల్డన్. "మీ కార్వర్‌టన్ వాళ్లు మా కోర్టు కచేరీని దొంగతనంగా ఎత్తుకుపోయారు. అది న్యాయమేనని ఇప్పుడు నాచేత రాయించుకుంటారా?"

మార్వా తడిసిన కోటు విప్పి కుర్చీకి తగిలించి, కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టింది. బయట నవంబరు మంచువాన కిటికీని కొడుతోంది. ఆ వానలోనే ముప్ఫై మైళ్లు కారు నడుపుకుంటూ వచ్చిందామె. కార్వర్‌టన్‌లో ఆమె కౌంటీ క్లర్కు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆమె రావడం, అతను పెట్టననడం, కాఫీ తాగి ఆమె వెళ్లిపోవడం. పోయిన జనవరి నుంచి ఇదే తంతు.

పాత దస్త్రాలు తిరగేసిన ఒక ప్లీడరు, 1888లో కౌంటీ కేంద్రాన్ని, అంటే కచేరీ ఉండే ఊరి హోదాను, ఈ అమిటీ నుంచి కార్వర్‌టన్‌కు మార్చిన ఓటింగు చెల్లదని పట్టుకుని కేసు వేశాడు. చట్టప్రకారం కేంద్రం ఇప్పటికీ అమిటీయేనని అతని వాదన. తమకు అభ్యంతరం లేదని అమిటీ జనమంతా రాసిస్తే గొడవే ఉండదు. అమిటీ జనమంతా అంటే ఎల్డన్ ప్రోష్ ఒక్కడే. డెబ్బై ఆరేళ్లవాడు. కాన్సస్ మైదానంలో అతని ఇల్లు, ఒక ఖాళీ ధాన్యం గోదాము, కొత్త కచేరీ కోసం ఆనాడు వేసి వదిలేసిన పునాది రాళ్లు. ఊరంటే అంతే.

కాఫీ పోస్తూ ఎల్డన్ పాత కథే అందుకున్నాడు. ఆ ఓటింగయ్యాక ఒక ఆదివారం పూట ఊరంతా చర్చిలో ఉంటే కార్వర్‌టన్ నుంచి నలభై మంది బళ్లు కట్టుకొచ్చారట. రిజిస్టర్లు, ఇనప్పెట్టె, జడ్జి కుర్చీ, చివరికి మండుతున్న పొయ్యిని కూడా మంటతో సహా బండెక్కించారట. ఏడాది తిరిగేసరికి అమిటీ వాళ్లు ఇళ్లను దుంగల మీద దొర్లించుకుంటూ ఆ బళ్ల జాడనే పట్టి పోయారట. ఎల్డన్ వాళ్ల ముత్తాత మాత్రం కదల్లేదు. మొండివాడు. ఇదంతా తాను కళ్లారా చూసినట్టే చెబుతాడతను.

"ఆ నలభై మందిలో మీ ముత్తాత కూడా ఉన్నాడుగా," అని పొడిచాడు.

"ఆయన బండి తోలాడంతే," అంది మార్వా. "అయినా ఎత్తుకెళ్లి ఏం బావుకున్నాం ఎల్డన్ గారూ? నిన్నటితో కూడలిలో ఆఖరి హోటలూ మూసేశారు. ఇక నేను కచేరీ మెట్ల మీద కూర్చుని తినాల్సిందే."

బడి ఎప్పుడో పోయింది. పత్రిక ఆగిపోయి రెండేళ్లయింది. కూడలికి నాలుగు వైపులా ఉన్న దుకాణాల్లో తెరిచేవి మూడే. ఆ మధ్యలో మూడంతస్తుల సున్నపురాయి కచేరీ, అందులో నలుగురు ఉద్యోగులు. పై అంతస్తులో ఫోను మోగితే కింద తన గదిలోకి వినిపిస్తుందని, ఎత్తేవాళ్లు ఉండరని చెప్పింది మార్వా. ఆమె ఈ సంగతులు చెప్పేటప్పుడు ఎల్డన్ వెక్కిరించడు.

కప్పు అందుకుంటుంటే ఆమె మణికట్టు మీద గీరుకుపోయిన చర్మం కనబడింది. ఏమైందని అడిగాడు. ఏమీ లేదంది. మళ్లీ అడిగితే చెప్పింది. వాగు వంతెన దగ్గర కారు జారి గుంటలోకి దిగిందట. అరగంట నిలబడినా ఒక్క బండి రాలేదట. కారులో కాళ్లకింద పరిచే పట్టాలు తీసి చక్రాల కింద తోసి, ఎలాగో పైకి తెచ్చుకుందట.

ఎల్డన్ లేచి కిటికీలోంచి చూశాడు. కారు తలుపుల దాకా బురద. ముందు భాగం ఒక పక్కకి వంగిపోయింది.

నిజానికి ఆ కాగితం మీద అతనికి ఏ అభ్యంతరమూ లేదు. రెండో గురువారానికే లేకుండా పోయింది. చచ్చిపోయిన నలభై మంది మీద పగ ఎన్నాళ్లుంటుంది? కానీ అతను వారంలో గడ్డం గీసుకునేది గురువారమే. ఎవరైనా తనను పేరుపెట్టి పిలిచేదీ ఆ ఒక్క పూటే. అందుకోసం ఒక మనిషిని మంచులో ముప్ఫై మైళ్లు రప్పిస్తున్నాడు. ఈసారి గుంట కాక వాగే అయ్యుంటే?

వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఆ కాగితం ఇటియ్యి," అన్నాడు.

మార్వా కప్పు దించింది. "ఇప్పుడేం తొందర? వచ్చేవారం చూద్దాం లెండి."

"ఇయ్యమన్నానా."

ఆమె కవరు మీద నుంచి చేయి తీయలేదు. ఎల్డనే మెల్లగా లాక్కున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్క ముక్కా చదవకుండా, అడుగున గీత మీద తన పేరు పూర్తిగా రాశాడు. కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"అయిపోయింది," అన్నాడు. "ఇక నీకు ఈ దారి తిప్పలు తప్పాయి. వాన తగ్గాక నెమ్మదిగా వెళ్లు."

మార్వా ఆ సంతకాన్ని చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖంలో సంతోషం లేదు. లేవలేదు, కోటూ అందుకోలేదు.

"తప్పు చోట పెట్టానా?" అన్నాడు ఎల్డన్.

"సరైన చోటే పెట్టారు," అంది మార్వా, తల ఎత్తకుండా. "ఆ కేసు జడ్జిగారు మార్చిలోనే కొట్టేశారు ఎల్డన్ గారూ."