అద్దంలాంటి ఫిల్ము

ఎక్స్‌రే తెర మీద బొమ్మ పడగానే నా చెయ్యి ఆగిపోయింది. మొహాలు మర్చిపోతాను గానీ ఎముకలు మర్చిపోను. విరిగి వంకరగా అతుక్కున్న ఆ కాలర్ బోన్‌ను గంట క్రితమే చూశాను. అప్పుడు సొంత పేరుతో వచ్చినవాడు ఇప్పుడు అన్న పేరుతో నిలబడ్డాడు.

మా ఎక్స్‌రే వ్యాను ఏడాదికోసారి ఆ రాళ్లు పొడిచేసే మిల్లుకు వెళ్తుంది. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నవాళ్లను ఆ వారమే పనిలోంచి తీసేస్తారు.

“మీ అన్నకీ ఇదే ఎముక విరిగిందా నాయనా?”

“ఒకే చెట్టు మీంచి పడ్డామమ్మా,” అని నవ్వబోయి ఏడ్చేశాడు. “అన్నకి దగ్గు. పని పోతే పిల్లలు పస్తులే. కడుపు మీద కొట్టకండమ్మా.”

ఒకరి నోటికాడి కూడు తీసే పాపం నాకెందుకని, దేవుడికి దణ్ణం పెట్టుకుని ఆ ఫిల్మునే పంపించాను.

అది నిరుటి మాట. ఈ ఏడాది అతను ఒక్కసారే, తన పేరుతోనే వచ్చాడు.

“అన్న ఏడీ?”

“ఆ దగ్గుతోనే పోయాడమ్మా. వదిన మిల్లుకెళ్లి నష్టపరిహారం అడిగితే అన్న పేరుతో మీరు తీసిన ఫిల్ము చూపించారు. ‘ఊపిరితిత్తులు అద్దంలా ఉన్నాయి, మా దుమ్ముకీ ఈ చావుకీ సంబంధం లేదు’ అని పంపించేశారు.”

“అది నీ ఫిల్మని నేను చెప్తాను. నా ఉద్యోగం పోతే పోనీ.”

“వద్దమ్మా. మీదానితో పాటు నాదీ పోతుంది. ఇప్పుడు అన్న పిల్లలకి కూడా నేనే దిక్కు.”

చొక్కా విప్పి, పలకకు ఛాతీ ఆనించి, నేను చెప్పకముందే ఊపిరి బిగబట్టాడు.