జడ గుర్తు

ధర్మేంద్రకు పేరులో ధర్మం ఉంది కానీ చేతివేళ్ళలో లేదు. తిరుపతి నుంచి చంద్రగిరి వచ్చే కిక్కిరిసిన బస్సులో, తన ముందు నిలబడ్డ ఫారిన్ పిల్ల సంచిలోంచి అరచేయంత మిషను ఒకటి లేపేశాడు. ఇంటికొచ్చి మూత తెరిస్తే అది మాట్లాడే మిషను! ఒక భాషలో మాటలు కొడితే ఇంకో భాషలో పైకి చెబుతుంది.

నాగవేణి నెత్తి కొట్టుకుంది.

"మల్లా అదే పనా? బొమ్మల యాపారం సగంలో వదిలేస్తివి, టీ అంగడి సగంలో వదిలేస్తివి. నీ పనులన్నీ తిరుపతి క్షవరమే! దొంగతనం ఒక్కటే వదలవు. ఇప్పటికి రెండు తూర్లు స్టేషన్లో కూసోబెట్టినారు. మూడో తూరి దొరికినావంటే నేను నాయుడుపేటకు, మా నాయన దగ్గరికి పోతాను. సూడు, ఉత్తమాట కాదు."

ఆమె ఉత్తమాటలు చెప్పే మనిషి కాదని ధర్మేంద్రకు బాగా తెలుసు. పెళ్ళాం లేని ఇల్లు తలుచుకుని గబగబా ఆమె పక్కకొచ్చి కూర్చున్నాడు.

"దొరకనులేమే. ఆ పిల్ల నన్ను సూళ్ళేదు. నేనూ ముఖం సూళ్ళేదు, జడే సూసినాను. నడుం దాటి ఉండాది, మొక్కజొన్న పీచు రంగు. బస్సు కుదిపినప్పుడల్లా నా ముక్కుకే కొట్టుకునింది. ఆ జడ మైలు దూరంలో అగుపించినా పరిగెత్తి పారిపోతాను, సరేనా?"

మర్నాడు తిరుపతిలో అంగళ్ళన్నీ తిరిగాడు.

"దీనికి తెలుగు వస్తాదా?" అని అడిగాడు ఒకాయన.

"రాదన్నా. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మనీ."

"తమిళం?"

"రాదు."

"తెలుగూ రాదు, తమిళమూ రాదు. తిరుపతిలో దీన్ని ఎవురు కొంటారప్పా?"

నిజానికి అందులో కాస్త తెలుగు ఉంది. పక్కనున్న ఎర్ర మీట నొక్కితే ఎవరో పెద్దావిడ గొంతు వినిపిస్తుంది. "నా పేరు అలివేలమ్మ. నీ పేరేమి? అన్నం తింటివా? వంకాయ కూర బాగుండాదా?" ఆ పిల్ల తెలుగు నేర్చుకోవడానికి రికార్డు చేసుకున్నట్టుంది. చెరిపేద్దామని ఎన్ని మీటలు నొక్కినా ఆవిడ చెరగలేదు. పైగా ప్రతిసారీ అన్నం తింటివా అని అడిగింది.

నాలుగో రోజు ధర్మేంద్ర చంద్రగిరి కోట దగ్గరికి వెళ్ళాడు. ఒకప్పుడు కోట బొమ్మల పుస్తకాలు అమ్మిన చోటే అది. టూరిస్టులతో బేరాలాడి కాస్త ఇంగ్లీషు కూడా వంటబట్టింది. వెళ్ళగానే చుట్టూ చూశాడు. ఎక్కడా జడ లేదు. హమ్మయ్య!

గేటు పక్క అరుగు మీద మాత్రం ఒక గుండు కూర్చుని ఉంది. కొత్త గుండు, గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. వదులు పైజామా, జుబ్బా. ఎవరో ఫారిన్ దొర కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చాడనుకున్నాడు.

"దొరా! టాకింగ్ మిషన్! వెరీ గుడ్!"

మిషను చూడగానే గుండు కళ్ళు పెద్దవయ్యాయి. చేప గాలానికి పడిందని ధర్మేంద్ర సంబరపడ్డాడు. ఆ శాల్తీకి ఇంగ్లీషు రాదు కాబోలు, నోరు విప్పకుండా మిషను అందుకుని టకటకా మీటలు నొక్కింది. మిషనే ఇంగ్లీషులో అడిగింది.

"ఇది ఎవరిది?"

"నాదే దొరా! మై ఓన్!"

తొందరలో గుండు వేలు ఎర్ర మీట మీద పడింది. "అన్నం తింటివా?" అంది అలివేలమ్మ.

"ఈ గొంతు ఎవరిది?" అంది మిషను.

"మా అవ్వది! తెలుగు నేర్చుకోవచ్చు. ఫ్రీ!"

గుండు పెదాలు బిగబట్టి నవ్వు ఆపుకుంది. మళ్ళీ మీటలు నొక్కింది.

"కొంటాను. కానీ ఎయిర్‌పోర్టులో అడుగుతారు. సాక్షి సంతకం కావాలి. టీ తాగుతున్న ఆ పోలీసును పిలుస్తావా?"

ధర్మేంద్ర మిషను వెనక్కి లాక్కోబోయాడు. కానీ వద్దంటే దొంగసొత్తని తనంతట తానే చెప్పుకున్నట్టవుతుంది. పైగా ఆ కానిస్టేబుల్ జయరావు తమ వీధివాడే. మరోసారి నలువైపులా చూశాడు. కోట దాకా, రోడ్డు దాకా ఎక్కడా జడ లేదు. ఇంక భయమేమిటి?

"జయరావన్నా! ఒక్క సంతకం పెట్టి పోన్నా!"

జయరావు గ్లాసు పట్టుకునే వచ్చాడు. "ఏమప్పా, మంచి యాపారంలోకి దిగినావా?"

"అవునన్నా. ఇదో, మా అవ్వ గొంతు కూడా ఉండాది." ధర్మేంద్ర గర్వంగా మీట నొక్కాడు. "నా పేరు అలివేలమ్మ," అంది మిషను.

"మీ అవ్వ పేరు కుప్పమ్మ గదా?"

"ఈమె... మా యమ్మ వాళ్ళమ్మన్నా."

జయరావు నవ్వి జేబులోంచి పెన్ను తీశాడు. ఈ సాయంత్రం నాగవేణికి మల్లెపూలు తీసుకెళ్ళాలి అనుకున్నాడు ధర్మేంద్ర. దొరకలేదే, సూడు, అని నవ్వుతూ చెప్పాలి.

ఈలోగా గుండు చాలాసేపు ఏదో కొట్టి, మిషను ధర్మేంద్ర చేతిలోనే పెట్టి, నొక్కమన్నట్టు సైగ చేసింది. థాంక్స్ చెబుతున్నట్టుంది. అన్నకు కూడా బాగా వినబడాలని ధర్మేంద్ర సౌండు పూర్తిగా పెంచి మరీ నొక్కాడు.

మిషను కోటంతా వినిపించేలా ఇంగ్లీషులో చెప్పింది: "పోలీసుగారూ, ఈ మిషను నాది, ఇది దొరికితే జడ ఇస్తానని దేవుడికి మొక్కుకోమని మా ఇంటి ఓనరు అలివేలమ్మ చెప్పింది, నేను మీ పద్ధతి తెలియక జడ ముందే ఇచ్చేశాను."