సాక్షి సంతకం

“వద్దు. ఆ కాగితం మీద సంతకం పెట్టకు” అంది శోభ భర్తతో, గొంతు తగ్గించి.

పాండు అక్క రాజమణి ఇంకా గడప దగ్గరే నిలబడి ఉంది. ఊరి బస్సులో పొద్దున్నే మహారాష్ట్రలోని భివండీలో దిగి, పద్మనగర్ సందుల్లో వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. తండ్రి దినాల నాడు పొలం విషయంలో మాటామాటా పెరిగాక ఆ అక్కాతమ్ముళ్ల మధ్య ఆరేళ్లుగా పలకరింపు లేదు.

వచ్చీ రాగానే ఆమె చెంగు ముడి విప్పి, మడతలు పడిన కాగితం ఒకటి తీసి చాచింది.

“పత్తంత ఎండిపాయె తమ్మీ. ఎండిన పంటకు సర్కారు సబ్సిడీ ఇస్తదట. దున్నేది నేనైనా పాసుబుక్కు నీ పేరు మీదున్నదాయె. నీ సంతకం లేంది ఇయ్యరట.”

“సబ్సిడీ అనుకుంట పొలం రాయించుకుంటది. రెండెకరాలు పాయెననుకో” అంది శోభ. ఈసారి రాజమణికీ వినపడింది. ఆమె ముఖం చిన్నబోయింది. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పాండు కాగితం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద షెడ్డులో మగ్గాలు మోగుతున్నాయి. పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. శోభ భుజం మీదుగా తొంగి చూసింది గానీ, ఆమె చదివింది మరాఠీ బడిలో. పైనున్న సర్కారు ముద్ర తప్ప ఏమీ అర్థం కాలేదు.

“శ్రద్ధా, పెన్ను తే బిడ్డా.”

ఎనిమిదేళ్ల శ్రద్ధ పెన్ను తెచ్చి, గడప వైపు చూసింది. “బాపూ, ఈమె కోణ్ ఆహే?”

“మీ మేనత్త” అన్నాడు పాండు. కాగితం అడుగున తన పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. శోభ విసురుగా వంట దగ్గరికి వెళ్లిపోయింది.

“ఇగ పోతా తమ్మీ” అంది రాజమణి. “పదింటికి బస్సున్నదట.”

“యాడికి పోతవ్? దీనికి సాక్షి సంతకం గూడ గావాలె. నాతోని పనిజేసే హనుమాండ్లు పెడ్తడు. కనీ ఆయన ఎల్లుండి గాని రాడు. అందాక ఉండు.”

“సాక్షా?” రాజమణి తడబడింది. “దీనికి... సాక్షి గావాల్నా?”

“గావద్దా మరి? సర్కారు కాగితమాయె.”

రాజమణి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

ఆ రెండు రోజులూ శ్రద్ధ తల దువ్వింది ఆమే. సర్వపిండి చేసి, మాడిన అంచు తమ్ముడికిష్టమని అదే అతని పళ్లెంలో వేసింది. నాగావ్‌లోని మగ్గాల షెడ్డులో డ్యూటీ దిగి వచ్చి అతను తింటుంటే, జుట్టుకంటిన దూదిపోగులు ఒక్కొక్కటే ఏరింది. పొలం మాట ఇద్దరూ ఎత్తలేదు.

మూడో రోజు హనుమాండ్లు వచ్చాడు. పాండు చూపించిన చోట, ఏమీ అడగకుండా సంతకం గీకి పోయాడు. రాజమణి కాగితం మడిచి చెంగున ముడేసుకుంది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి తమ్ముడి చెయ్యి వదల్లేదు.

పాండు ఇంటికి రాగానే శోభ ఉండబట్టలేకపోయింది.

“వదినెకు అన్నం పెట్టనీకి నేనేమన్న వద్దన్ననా? కనీ సదివి గూడ సంతకం పెట్టుడేంది? మన పొలం పాయె!”

“సదివిన. రెండుసార్లు సదివిన.” పాండు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “అక్కకు గూడ తెలుసు అండ్లేమున్నదో. నాకు అక్షరాలు దిద్దిచ్చిందే ఆమె.”

“ఏమున్నది మరి?”

పాండు కళ్లు తుడుచుకుని నవ్వాడు.

“మనూరు సబ్సిడీ లిస్టులనే లేదు శోభా. ఆ కాగితంల, పిల్లలకు పోలియో చుక్కలేయించుండ్రని ఉన్నది.”